నాయన గుండెలోకి ఎక్కించే మూలకణాలు స్కాన్‌లో నిజంగా కనిపిస్తాయా?

గుంటగట్టు (ఇందుకూరుపేట, నెల్లూరు జిల్లా)

అందరికీ నమస్కారం. మా నాయనకు 58 ఏళ్లు. రొయ్యల గుంటల మీదే ఆయన బతుకంతా. పోయిన కార్తీకంలో తెల్లవారుజామున ఏరేటర్లు చూసొస్తానని వెళ్లి గట్టు మీదే కూలబడ్డాడు. గ్యాస్ అనుకుని సోడా తాగించాం. నెల్లూరు చేరేసరికి మూడు గంటలు దాటిపోయింది. స్టెంట్ వేశారు, ప్రాణం దక్కింది. కానీ గుండె ముందు గోడ బాగా దెబ్బతిందన్నారు. నెల కిందట తీసిన ఎకోలో పంపింగ్ 28 శాతం. ఇప్పుడు గట్టెక్కాలంటే రెండుసార్లు ఆగుతున్నాడు. రాత్రిళ్లు రెండు దిళ్లు పెట్టుకుంటేగానీ పడుకోలేడు.

మాకు రొయ్య పిల్లల సీడ్ తెచ్చే ఆయన ఒక సెంటర్ గురించి చెప్పాడు. తుంటి ఎముకలోంచి మజ్జ తీసి, అందులోని మూలకణాలను వేరుచేసి గుండె రక్తనాళంలోకి ఎక్కిస్తారట. ఆరు లక్షలు. నేను నసుగుతుంటే, "ఎక్కించాక స్కాన్ తీసి మా కణాలు మీ నాయన గుండెలో ఎక్కడున్నాయో రంగుల్లో చూపిస్తాం, మీ కళ్లతో మీరే చూసుకోండి" అన్నారు. ఆ మాటతో నేను మెత్తబడ్డాను. కళ్లకు కనపడ్డాక ఇంకేం అనుమానం ఉంటుంది?

అమ్మ అప్పుడే గాజులు తీసి మంచం మీద పెట్టింది. నాయనేమో "ఈ పంట పట్టిందాకా ఆగండి" అంటున్నాడు. శుక్రవారం లోపల అడ్వాన్స్ కట్టాలన్నారు. ఆ స్కాన్‌ను నమ్మొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.


పామూరువాడు (ఉండేది చెన్నైలో)

తమ్ముడూ, నేను న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజిస్ట్‌ని, అంటే రేడియోధార్మిక పదార్థం ఎక్కించి స్కాన్‌లు తీసేవాణ్ణి. పదకొండేళ్లుగా ఇదే పని. డాక్టర్ని కాదు, కాబట్టి మందుల జోలికి పోను. స్కాన్ గురించి మాత్రం గట్టిగానే చెప్పగలను. దయచేసి అడ్వాన్స్ కట్టే ముందు ఇది పూర్తిగా చదువు.

ఏ స్కాన్‌లోనూ కణం కనిపించదు. కణానికి మనం కట్టిన గుర్తు కనిపిస్తుంది. ఈ రెండూ ఒకటి కావు.

మా ఇంట్లో గొర్రెలుండేవి. మా తాత మంద ముందు నడిచే పొట్టేలుకు గంట కట్టేవాడు. చీకట్లో మంద ఎక్కడుందో ఆ చప్పుడును బట్టి చెప్పేవాడు. ఒకసారి గంట మోగుతూనే ఉంది, వెళ్లి చూస్తే పొట్టేలు లేదు. తెగిన తాడుతో సహా ఆ గంటను కుక్క నోట కరుచుకుని లాగుతోంది. నా పనిలో ఆ రాత్రి నాకు చాలాసార్లు గుర్తొస్తుంది.

నేను చేసే ఒక పరీక్ష చెబుతాను. ఒంట్లో చీము ఎక్కడ దాక్కుందో తెలియని రోగి వస్తే, ఆయన రక్తం 50 మిల్లీలీటర్ల దాకా తీసుకుంటాం. తెల్లకణాలు వేరుచేసి, వాటికి టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థాన్ని పట్టించి, మళ్లీ ఆయనకే ఎక్కిస్తాం. అవి చీము ఉన్నచోటికి చేరతాయి, కెమెరాలో ఆ చోటు వెలుగుతుంది. టెక్నీషియం ఆరు గంటలకు సగమైపోతుంది. అందుకని ఆ రోజూ, మహా అయితే మర్నాడూ చూడగలం, అంతే. పైగా కొంత పదార్థం కణాన్ని వదిలేసి విడిగా తిరుగుతుంది. ఎంత వదిలిందో ప్రతిసారీ కొలిచి రాసుకుంటాం. ఆ లెక్క లేని ఫొటోను మా సారు చూడను కూడా చూడరు.

మూలకణాలకు కట్టే గుర్తూ ఇలాంటిదే. పెట్ స్కాన్ అయితే ఎఫ్‌డీజీ అనే రేడియోధార్మిక చక్కెర వాడతారు. అది 110 నిమిషాలకోసారి సగమవుతుంది. పొద్దున 8కి కడితే సాయంత్రం 6కి నూటికి రెండు పాళ్లు మిగులుతుంది. ఇండియం అనే ఇంకో రేడియోధార్మిక పదార్థమైతే 2.8 రోజులకు సగం, అంటే నాలుగైదు రోజులు వెంబడించొచ్చు. కానీ దాని రేడియేషన్ ఆ కణాలనే దెబ్బతీయగలదు. వీటిలో ఏదీ మూడు నెలల తర్వాత మీ నాయన గుండెలో ఆ కణాలు బతికున్నాయో లేదో చెప్పలేదు.

మరి ఆ కొన్ని గంటల్లో ఏం కనిపించింది? 2005లో జర్మనీలోని హనోవర్‌లో ఇది నిజాయితీగా చేసి చూశారు. గుండెపోటు వచ్చినవాళ్ల మజ్జ కణాలకు ఎఫ్‌డీజీ కట్టి, గుండె రక్తనాళంలోకే ఎక్కించి, గంట అటూఇటూగా పెట్ తీశారు. విడదీయని మజ్జ కణాల్లో దెబ్బతిన్న చోట నిలిచింది 1.3 నుంచి 2.6 శాతం. మిగతావి ఎక్కువగా కాలేయంలో, ప్లీహంలో తేలాయి. మజ్జలోంచి ఏరి తీసిన సీడీ34 రకం మూలకణాలు మాత్రం 14 నుంచి 39 శాతం దాకా నిలిచాయి. చేతి నరంలోకి ఎక్కిస్తే గుండెలో చెప్పుకోదగ్గ జాడే లేదు. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది కదా, వచ్చినవాటిని రక్తం కడిగేసుకుని పోతుంది. ఇవన్నీ గంట నాటి లెక్కలని మర్చిపోకు.

ఎక్కువ రోజులు చూడాలని ఇనుము రేణువులు పట్టించి ఎంఆర్ఐ తీసే పద్ధతి కూడా ఉంది. ఇనుమున్న చోట నల్ల మచ్చ పడుతుంది, వారాల తరబడి ఉంటుంది. చూడ్డానికి ధైర్యంగానే ఉంటుంది. కానీ కణం చచ్చిపోతే ఆ ఇనుమును చెత్త ఊడ్చే కణాలు, మాక్రోఫేజులు, మింగేస్తాయి. మచ్చ అక్కడే ఉంటుంది. అదే మా తాత గంట, కుక్క నోట్లో. గుండెపోటు అప్పుడు కండరంలో రక్తం చిమ్మినా నల్లగానే పడుతుంది, ఎందుకంటే రక్తంలోనూ ఇనుమే.

బతికిన కణాన్నే చూపించే దారి ఒకటుంది. కణంలోకి ఒక జన్యువును పెడతారు. కణం బతికుంటేనే ఆ జన్యువు పనిచేస్తుంది, స్కాన్‌కు దొరికే పదార్థాన్ని పట్టుకుంటుంది. కణం రెండైతే ఆ గుర్తు పిల్లకూ వస్తుంది. మన నెల్లూరు గొర్రెల్లో జొడిపి జాతి చూశావు కదా, తెల్లటి ఒళ్లు, కళ్ల చుట్టూ నలుపు. రంగు పూస్తే ఆ గొర్రెతోనే పోతుంది, కళ్ల చుట్టూ నలుపైతే పిల్లకూ వస్తుంది. ఎలుకల్లో, పందుల్లో దీనితో చాలా నేర్చుకున్నారు. కానీ రోగి కణంలో కొత్త జన్యువు దూర్చడమంటే దాని ప్రమాదాలు దానికున్నాయి. డబ్బు కట్టిన వాళ్లకు సెంటర్లో చేసిచ్చే పని కాదది.

ఇంకొక్క మాట. ఎఫ్‌డీజీని కణాలకు కట్టకుండా నేరుగా రోగికి ఎక్కించినా గుండె రంగుల్లో వెలుగుతుంది. బతికున్న గుండె కండరం చక్కెరను తీసుకుంటుంది కాబట్టి. అది చాలా మంచి పరీక్ష, మేం రోజూ చేస్తాం. కానీ అందులో కనిపించేది మీ నాయన సొంత కండరం. వాళ్లు చూపించబోయేది ఇదేనేమో అడుగు. కణాలకు ఏ గుర్తు కడుతున్నారు, ఎన్ని గంటలకు తీస్తారు, ఎక్కించిన వాటిలో ఎంత శాతం గుండెలో ఉందో రాసిస్తారా, కాలేయం కూడా కనపడేలా ఒళ్లంతా తీస్తారా? కాలేయాన్ని కత్తిరించి గుండె ఒక్కదాన్నే చూపిస్తే ఎవరైనా మోసపోతారు. నేనైనా సరే.


ఒంగోలు అక్క

తమ్ముడూ, నీ పోస్టు చదివి వంట ఆపేసి రాస్తున్నా. మా అన్నది చీమకుర్తి. గ్రానైట్ కటింగ్ దగ్గర సూపర్‌వైజర్. నాలుగేళ్ల కిందట ఇలాగే చేయించాం. ఎక్కడో, ఎవరో రాయను. నాలుగున్నర లక్షలు. రెండు గంటల తర్వాత స్కాన్ తీసి రంగుల కాగితం ఇచ్చారు. గుండె మీద పసుపు, ఎరుపు. మా వదిన ఆ కాగితాన్ని దేవుడి గూట్లో పెట్టింది. అన్నకు కూడా ఆయాసం తగ్గినట్టే అనిపించి మందులు సరిగా వేసుకోలేదు. ఆరు నెలలకు ఎకో తీస్తే పంపింగ్ అప్పుడు 30, ఇప్పుడూ 30. ఆ వారమే కాళ్లు వాచి ఐసీయూలో పడ్డాడు.

తర్వాత హార్ట్ ఫెయిల్యూర్ ఒక్కటే చూసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. నాలుగు రకాల మందులు కొద్దికొద్దిగా డోసు పెంచుతూ పోయారు. ఊరగాయ, ఎండుచేప మాన్పించారు. రోజూ పొద్దున బరువు చూసి రాసుకోమన్నారు. మూడు నెలలు మందులు పూర్తిగా వాడాక కూడా పంపింగ్ 35 దాటకపోతే గుండె లయ తప్పినప్పుడు షాక్ ఇచ్చే ఐసీడీ అనే పరికరం పెట్టాలన్నారు. అన్నకు పెట్టారు. ఇప్పుడు మనవరాలిని స్కూలు దాకా నడిపిస్తున్నాడు. ఆ ఆరు నెలలు పోగొట్టుకున్నామని నాకు ఇంకా కడుపు రగులుతుంది. మీ నాయనకు నాలుగు మందులూ పూర్తి డోసులో నడుస్తున్నాయా? అది ముందు చూడు. అమ్మ గాజులు అమ్మకే తొడుగు.


కావలి మాస్టారు

నాయనా, నేను జీవశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. నాకూ ఇందులో ఒక బాకీ ఉంది. 2001లో ఎలుక గుండెలో మజ్జ కణాలు కొత్త కండరంగా మారాయని వార్త వస్తే, పేపరు పట్టుకెళ్లి తరగతిలో చదివి వినిపించాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. 2004లో వేరే బృందాలు జన్యువు గుర్తు పెట్టిన కణాలతో అదే ప్రయోగం చేసి, అవి గుండె కండరంగా మారడం లేదని చూపించాయి. పామూరు అబ్బాయి చెప్పిన జొడిపి గుర్తు లాంటిదే తేల్చింది. ఈ సంగతి పిల్లలకు చెప్పే అవకాశం నాకు రాలేదు, వాళ్లు అప్పటికే బడి దాటిపోయారు.

పరిశోధన ఆగలేదు, ఆగకూడదు కూడా. 2023లో వచ్చిన డ్రీమ్ హెచ్ఎఫ్ అనే ట్రయల్ ఫలితాల్లో 500 మందికి పైగా రోగులున్నారు. కణాలను నేరుగా గుండె కండరంలోకే ఇచ్చారు. అయినా గుండె జబ్బు ముదిరి మళ్లీ మళ్లీ ఆసుపత్రిలో చేరడం తగ్గలేదు. అదే వాళ్లు ముందుగా పెట్టుకున్న అసలు ప్రశ్న.

మన దేశంలో ఐసీఎంఆర్, అంటే కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి, 2017లో ఇచ్చిన మార్గదర్శకాలున్నాయి. కొన్ని రక్త సంబంధ జబ్బులకు తప్ప, మూలకణాలను ఇంకే జబ్బుకు ఇచ్చినా అది క్లినికల్ ట్రయల్‌గానే జరగాలి. ట్రయల్ అంటే రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. సీటీఆర్ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదై ఉండాలి, ఆ నంబరు అడుగు. ఆరు లక్షలు అడిగారంటే నాకైతే అక్కడే తేలిపోయింది.


గుంటగట్టు

అన్నా, అక్కా, మాస్టారూ, ఎలా చెప్పాలో తెలియడం లేదు. పొద్దున్నే ఫోన్ చేశాను. స్కాన్ ఎన్ని గంటలకు అంటే "రెండు గంటల్లోపే" అన్నారు. ఎంత శాతం నిలిచిందో రాసిస్తారా అంటే "అంత డీటెయిల్ మీకెందుకు" అన్నారు. సీటీఆర్ఐ నంబరు అడిగితే మేనేజర్ చేస్తాడని పెట్టేశారు. చెయ్యలేదు.

నాయనకు అంతా చదివి వినిపించాను. ఆయన ఒక్కటే అన్నాడు: "నాలుగు లక్షల రొయ్య పిల్లను వదిలామని హేచరీ బిల్లు మీద ఉంటుంది. బతికిందెంతో నెల తర్వాత వలేసి చూస్తేగానీ తెలియదు. వాళ్లు నాకు బిల్లు చూపిస్తామంటున్నారు." ఇన్నేళ్లూ గుంటల్లో ఉండి నాకు ఆ మాట తట్టలేదు.

అక్క చెప్పినట్టు మందుల చీటీ చూశాను. నాలుగింటిలో రెండే ఉన్నాయి, అవీ మొదటి డోసులోనే. సోమవారం పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో నాయనను చెన్నై తీసుకొస్తున్నాను, హార్ట్ ఫెయిల్యూర్ డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ దొరికింది.


పామూరువాడు

మంచి పని చేశావు తమ్ముడూ. యాంజియో సీడీ, ఎకో కాగితాలు, డిశ్చార్జ్ సమ్మరీ, మందుల డబ్బాలు అన్నీ ఒకే సంచిలో పెట్టుకో. సెంట్రల్‌లో ప్లాట్‌ఫాం పొడుగ్గా ఉంటుంది, నాయనను నడిపించకు. బోగీ నంబరు నాకు మెసేజ్ పెట్టు, వీల్‌చైర్ పట్టుకుని నేనే వస్తాను.