ఆటిజం ఉన్న బిడ్డని పశువుతో పోల్చొచ్చా?

టెక్కలి అమ్మ:
మా బాబుకి ఆటిజం. మొన్న ఓ పెళ్లిలో బ్యాండు మోగగానే చెవులు మూసుకుని బయటికి పరుగెత్తాడు. "ఆవు బెదిరినట్టే బెదిరాడు, ఇది టెంపుల్ గ్రాండిన్ చెప్పిందే" అన్నారు ఓ బంధువు. ఒళ్లు మండిపోయింది. మీరేటంటారు?

కోటబొమ్మాళి రైతు:
అక్కా, మీ కోపం న్యాయమే. ఐతే గ్రాండిన్‌గారికీ ఆటిజం ఉంది. 1947లో అమెరికాలో పుట్టారు, పశుశాస్త్రంలో ప్రొఫెసర్. సన్నటి దారిలో పశువులు మొరాయిస్తే పనివాళ్లు అదిలించి తోలేవారు. ఆవిడ ఆ దారిలోకి దిగి, వాటి కళ్ల ఎత్తులో చూశారు. వేలాడుతున్న గొలుసు, నీటిగుంటలో మెరుపు, కంచె మీద వేసిన కోటు! అవి తీసేస్తే పశువులు కదిలేవి. మా నారాయణవలస సంతలోనూ అంతే. లారీ ఎక్కించే పలక మీద నీడ పడితే ఎద్దు కాలు పెట్టదు. తోక మెలిపెడతారు గానీ నీడని ఎవరూ చూడరు. మన పిల్లల్నీ "మొండోడు" అనేసి ఊరుకుంటాం. ఆ చూపు మారాలన్నదే నా మాట.

జువాలజీ మాష్టారు, శ్రీకాకుళం:
చూపు వరకు ఒప్పుకుంటాను. కానీ జంతువులు ఆటిజం ఉన్న అసాధారణ ప్రతిభావంతుల్లాంటివని ఆవిడ 2005లో రాసిన దాన్ని వల్లోర్టిగారా తదితర శాస్త్రవేత్తలు 2008లో కాదన్నారు. వేల గింజలు దాచిన చోట్లు గుర్తుంచుకునే పక్షిది ఆ జాతి బతుకుతెరువు కోసం ఏర్పడిన శక్తే తప్ప, ఆటిజంలో కనిపించే ప్రతిభ లాంటిది కాదని వాళ్ల వాదన. పైగా పిల్లలంతా ఒకేలా ఉండరు. ఒకరు చప్పుడుకి పారిపోతారు, ఇంకొకరు చప్పుడే కావాలంటారు. ఎద్దుని చూసి మీ బాబుని తేల్చేయకూడదమ్మా.

కోటబొమ్మాళి రైతు:
నిజమే మాష్టారూ. గ్రాండిన్‌గారు కూడా పశువుల్ని అదిమిపట్టే బోను చూసి, ఒత్తిడికి అవి నెమ్మదించడం గమనించి, తనకోసం అలాంటి యంత్రం చేసుకున్నారు. అది ఆవిడకి కుదిరింది. అందరికీ కుదరాలని లేదు.

టెక్కలి అమ్మ:
పోలిక నాకింకా నచ్చలేదు తమ్ముడూ. కానీ మావాడు బడి గేటు దగ్గరే ఆగిపోతాడు. అక్కడ పైరేకు గాలికి టపటపా కొట్టుకుంటుంది. బొమ్మలు చూపించి, ఆ చప్పుడేనా అని వాడినే అడుగుతాను. ఔనంటే హెడ్‌మాస్టర్‌గారికి చెబుతాను. వింటారంటారా?

జువాలజీ మాష్టారు, శ్రీకాకుళం:
వినాలమ్మా. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. బిడ్డ అవసరాన్ని బట్టి బడిలో తగిన మార్పులు చేయాలని అందులోనే ఉంది. అర్జీ రాతపూర్వకంగా ఇవ్వండి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.