పోలవరం ఫిష్ ల్యాడర్ పులసకు దారి ఇస్తుందా?

మారతహళ్ళి వాసి:
సముద్రం నుంచి గోదావరిలోకి ఎదురీదే పులసకు పోలవరం ఆనకట్ట అడ్డుపడుతుందని కొందరు అంటున్నారు. వరదనీరు వదిలే గేట్లుండే స్పిల్‌వేలో ఫిష్ ల్యాడర్, అంటే చేప ఆనకట్ట దాటి పైకి వెళ్ళే దారి, కట్టారు కాబట్టి ఆ అభ్యంతరానికి ఇక తావు లేదని నా అభిప్రాయం. కావేరిపై ప్రతిపాదించిన 400 మెగావాట్ల మేకెదాటు ఆనకట్టలోనూ అదే కడితే మన బెంగళూరుకు నీళ్ళూ దక్కుతాయి, చేపా బతుకుతుంది. కాదనేవారు కారణం చెప్పండి.

గౌతమి గట్టు:
నేను కాదంటానండి. వరదనీటికి ఎదురెక్కే చేప ప్రవాహం బలంగా ఉన్న వైపే మొగ్గుతుంది. పోలవరంలో స్పిల్‌వే కుడి గట్టున, 960 మెగావాట్ల విద్యుత్కేంద్రం ఎడమ గట్టున ఉన్నాయి. రేపు టర్బైన్లు తిరుగుతూ స్పిల్‌వే గేట్లు మూసి ఉన్న రోజుల్లో నీరంతా ఎడమవైపు నుంచే వస్తుంటే, పులస ఆ గోడ కిందే తచ్చాడుతుంది తప్ప అవతలి గట్టున తనకోసం కట్టిన దారిని వెతుక్కుంటూ పోదు. అసలు అంతకంటే ముందు అది ధవళేశ్వరం దాటాలి; అక్కడి 175 గేట్లు ఎప్పుడు ఎత్తుతారన్నది ఈ చర్చల్లో ఎవరికీ పట్టదు, పులస ధర మాత్రం అందరికీ నోటికే వచ్చు.

మారతహళ్ళి వాసి:
అమెరికాలో కొలంబియా నదిపై 1938లో పూర్తయిన బోనవిల్ డ్యామ్‌ను సాల్మన్ చేపలు నేటికీ ల్యాడర్ మీదుగానే దాటుతున్నాయి కదా?

గౌతమి గట్టు:
దాటుతున్నాయి. కానీ అక్కడ పవర్‌హౌస్ ముందే, టర్బైన్ల నీరు బయటికి వచ్చేచోటే ల్యాడర్‌కు ప్రవేశాలు పెట్టారు. పైగా సాల్మన్ ఎగిరి దూకగలదు, పులసకు ఆ అలవాటు లేదు. మనకు దగ్గరి పోలిక థాయ్‌లాండ్‌లోని పాక్ మూన్: 1994లో మొదలైన ఆ జలవిద్యుత్ ప్రాజెక్టులో ల్యాడర్ ఆశించినట్టు పనిచేయక, జాలర్ల ఆందోళన తరువాత ఏటా నాలుగు నెలలు గేట్లు ఎత్తే పద్ధతికి వచ్చారు.

మారతహళ్ళి వాసి:
కరెంటు ఎక్కువగా పండేది ఆ వరద నెలల్లోనే కదండీ. ఆ నష్టం ఎవరు భరిస్తారు?

గౌతమి గట్టు:
నాలుగు నెలలూ ఎత్తమని నేను అడగడం లేదు. పులస ఎక్కే వారాల్లో ల్యాడర్ పక్క గేటు నుంచి కొంత నీరు ఆగకుండా వదలాలి, అందుకు తగ్గే యూనిట్లను ప్రాజెక్టు ఖర్చులో ముందే రాసుకోవాలి. ఇక మేకెదాటు సంగతి వేరు. కావేరి మహసీర్ సముద్రం నుంచి వచ్చే చేప కాదు, రాళ్ళ మధ్య వేగంగా పారే నీటిలో బతికేది. 2018లోనే దాన్ని అంతరించే ముప్పు తీవ్రంగా ఉన్న జాతుల్లో చేర్చారు. ఆ రాళ్ళే జలాశయం అడుగున మునిగితే, ల్యాడర్ ఎక్కిన చేప పైన ఎక్కడ ఉంటుందో మీరే చెప్పండి.