ఫోన్లో తెలుగు పాఠం, గోడ మీద ఒడియా: రాత్రి బడిలో ముందు ఏ లిపి?

పర్లాకిమిడి పలక:
ఒడిశాలోని మా పర్లాకిమిడిలో, మా వీధి అరుగు మీద రోజూ సాయంత్రం తొమ్మిదిమంది ఆడవాళ్ళకి చదువు చెప్తున్నాను. అందరి ఇళ్ళల్లోనూ తెలుగే. యూట్యూబ్‌లో పెద్దవాళ్ళకి పనికొచ్చే తెలుగు అక్షరాల వీడియోలు బోలెడున్నాయి, వాటితోనే మొదలెట్టాను. మూడు నెలలకి ఒక అత్త తన పేరు, 20 దాకా అంకెలు రాసేసింది. ఆ వారమే రేషన్ దుకాణం గోడ మీద సుద్దతో రాసిన తేదీ తనే చదువుకుని, సంచీ పట్టుకుని 8న వెళ్ళింది. బియ్యం 4నే పంచేశారు. ఒడియా నాలుగు అచ్చం మన 8లాగే ఉంటుంది కదా! చదువు రాకముందు ఎవరినో ఒకరిని అడిగేది, వచ్చాక మోసపోయింది. అందుకే ఇక్కడ ముందు ఒడియా, తర్వాతే తెలుగు అంటాను.

గుణుపురం కోడలు:
మాస్టారూ, తప్పు అంకెది, శిక్ష అక్షరానికి వేస్తున్నారు. వయోజన విద్య కోసం కేంద్రం పెట్టే ఉల్లాస్ పరీక్షలో 150 మార్కులకి 50 లెక్కలవే. అంకెలు విడిగా ఒడియావి నేర్పండి, ఎవరు కాదన్నారు? మా అత్తగారికి సంతలో బేరమాడేంత ఒడియా వచ్చు, వాచకంలో ఒడియా మాత్రం ఆవిడకి పరాయిదే. గిడుగు రామమూర్తి గారు మీ పర్లాకిమిడిలోనే కదండీ, సవర పిల్లలకి సవరలో చదువు చెప్పించింది!

బరంపురం బాబాయి:
ప్రతి చర్చలోకీ గిడుగు వారిని లాగకండి తల్లీ. బస్సు మీద ఊరి పేరు ఒడియాలో, పంచాయతీ కాగితం ఒడియాలో. అసలు ఆ వీడియోలు చూసేదెవరు? ఫోను కొడుకు జేబులో ఉంటుంది. వాడు ఇంటికొచ్చేసరికి తొమ్మిది, డేటా అప్పటికే అయిపోయి ఉంటుంది.

సిరోంచా నుంచి:
మహారాష్ట్ర వైపు కూడా ఇదే గొడవ. మరాఠీ ఒకటి చూస్తే మన 9 అనిపిస్తుంది. ఒక పాత సంగతి. టీసీఎస్ వాళ్ళు, ఆ కంపెనీ తొలి సీఈవో ఎఫ్.సి. కోహ్లీ గారి పూనికతో 2000లో మెదక్ జిల్లాలో కంప్యూటర్ మీద పెద్దవాళ్ళకి తెలుగు నేర్పడం మొదలెట్టారు. అఆలతో కాదు, తెలిసిన మాటని తెర మీద చూపించి అక్షరాలుగా విడదీసేవారు. దాదాపు 40 గంటల్లో పేపరు చదివించాలన్నది వాళ్ళ లెక్క. ఆ మాటలు వాళ్ళ నోట్లో ముందే ఉన్నాయి కాబట్టి ఆ పద్ధతి నడిచింది. నోట్లో లేని ఒడియా మాటని విడదీస్తే ఏం మిగులుతుంది?

బరంపురం బాబాయి:
నోట్లో లేదని ఎవరన్నారు? మా వీధిలో కూరలమ్మే ఆవిడ ఒక్క వాక్యంలో రెండు భాషలూ కలిపేస్తుంది. ఆ కలిపిన మాటలతో పాఠం చేసినవాడు లేడు, అదీ లోటు. హైదరాబాదులో తీసిన వీడియోలో మెట్రో స్టేషను బోర్డు చదివిస్తారు. మన అత్తలకి మెట్రో ఎందుకు?

గుణుపురం కోడలు:
ఈ మాటకి ఒప్పుకుంటా. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా మీద తిరగబడింది అక్షరాస్యత తరగతుల వాచకంలో తమ బతుకే కనబడినందుకు. రేషన్ చీటీ ఫోటో తీసి, పక్కన మన గొంతుతో చదివి వాట్సాప్‌లో పెడితే అదే పాఠం. కొడుకు ఒక్కసారి దించి పెడితే చాలు, డేటా కూడా అక్కర్లేదు.

పర్లాకిమిడి పలక:
మీ వాదన అత్త ముందే పెట్టాను. "పేరు తెలుగులోనే ఉండనీ బాబూ, అంకెలు మాత్రం ఆళ్ళవి నేర్పు" అంది. అక్షరాల మాట ఎత్తలేదు. ఒడియాలో గుండ్రటి ఠ చూపిస్తే "సున్నా" అని నవ్వింది. అక్షరాల విషయంలో నేనింకా ఒడియా వైపే. రేపు మాత్రం దుకాణం గోడనే ఫోటో తీస్తాను.

బరంపురం బాబాయి:
4 పక్కన 8 కూడా రాయించి తియ్యి.