ఎమ్మెస్సీకి ముందు రెండు నెలలు, ఫిజిక్స్‌లో ఏది పట్టుకోవాలి?

కోట_జంక్షన్: మాది విజయనగరం. బీఎస్సీ అయిపోయింది, ఎమ్మెస్సీ క్లాసులకి ఇంకా రెండు నెలలుంది. జనరల్ రిలేటివిటీ (ఐన్‌స్టీన్ గురుత్వాకర్షణ సిద్ధాంతం) మొదలెట్టాను గానీ క్రిస్టోఫెల్ సింబల్స్ (వంపున్న స్పేస్‌లో డెరివేటివ్‌లకి వాడే గుణకాలు) దగ్గరే ఆగిపోయా, టెన్షన్‌గా ఉంది. ఇదే చదవనా, క్వాంటమ్ ఫీల్డ్ థియరీకి పోనా?

నాగావళి_గట్టు: రెండూ వద్దు తమ్ముడూ. నాలుగు డైమెన్షన్లలో ఆ సింబల్స్ 40 ఉంటాయి, ఎవరికైనా కళ్లు తిరుగుతాయి. ముందు లీనియర్ ఆల్జీబ్రా. ఎలక్ట్రాన్ స్పిన్‌కి వాడే పౌలీ మాత్రికలు మూడింటికీ ఐగెన్ విలువలు (మాత్రిక కొన్ని వెక్టర్లని దిశ మార్చకుండా ఎన్ని రెట్లు చేస్తుందో ఆ సంఖ్యలు) చేత్తో లెక్కగట్టు, ప్రతిదానికీ +1, -1 రావాలి. తర్వాత డబుల్ పెండ్యులం సమీకరణాలు లగ్రాంజియన్‌తో (గతిశక్తిలోంచి స్థితిశక్తి తీసేస్తే వచ్చేది) రాయి, ఎందుకంటే ఫీల్డ్ థియరీలో మళ్లీ ఆ లగ్రాంజియనే ఎదురొస్తుంది, అది రాకుండా అటు వెళ్తే వంశధార వరదలో ఈత నేర్చుకున్నట్టే.

సిక్కోలు_మేస్టారు: హార్మోనిక్ ఆసిలేటర్‌ని (స్ప్రింగ్‌కి కట్టిన బరువులా ఊగేదాన్ని) వదిలేశారేటి బాబూ! ల్యాడర్ ఆపరేటర్లతో (శక్తిని ఒక్కో మెట్టు పెంచేవి, తగ్గించేవి) చేసి చూడు, ఫోటాన్లూ (కాంతి కణాలు) ఫోనాన్లూ (స్ఫటికంలో కంపనాల క్వాంటాలు) లెక్కపెట్టేది ఆ పద్ధతిలోనే. వీలైతే స్టాటిస్టికల్ మెకానిక్స్ కూడా. మా పిల్లలు ఎక్కువ తడబడేది పార్టిషన్ ఫంక్షన్ (అన్ని స్థితుల బోల్ట్జ్‌మన్ వెయిట్ల మొత్తం) దగ్గరే.

కోట_జంక్షన్: రాత్రి పౌలీ రెండోది చేశాను అన్నా, ఇమాజినరీ విలువలొచ్చాయి!

నాగావళి_గట్టు: పైవరసలో మైనస్ మర్చిపోయుంటావు. అది లేకపోతే మాత్రిక హెర్మీషియన్ (అడ్డం నిలువు తిప్పి, i గుర్తు మార్చినా అదే ఉండేది) కాదు, హెర్మీషియన్ అయితేనే ఐగెన్ విలువలు రియల్‌గా వస్తాయని గ్యారంటీ. మళ్లీ చెయ్యి.