పెంపుడు కొండచిలువ బాల్ పైథాన్‌కి ఇంజెక్షన్లయ్యాయి, మేత ముట్టడం లేదు

ప్రశ్న (డాలస్ నుంచి):
మూతి దగ్గర బుడగలు, ఊపిరి తీస్తే ఈల. శ్వాసకోశ ఇన్ఫెక్షనని డాక్టర్ మూడు రోజులకోసారి సెఫ్టాజిడైమ్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ రాశారు. ఈల తగ్గింది గానీ ఎలుకను చూస్తే మొహం తిప్పేస్తోంది. ఫోన్లో అమ్మేమో, "పాలు పొయ్యవే" అంటుంది!

జవాబు:
పాలొద్దండీ, అరగవు. దాని పెట్టెలో వెచ్చటి మూల 32 డిగ్రీల సెల్సియస్ ఉందా? చలికి మందూ సరిగ్గా పనిచెయ్యదు, తిండీ అరగదు.

మరో జవాబు:
సూది ఒంటి ముందు భాగంలోనే వెయ్యండి. తోకవైపైతే మందు కిడ్నీల మీదుగా పోయి ఒంటికి సరిగ్గా అందకపోవచ్చు. మేతకి మామూలుకన్నా చిన్న ఎలుక, గోరువెచ్చగా. తిన్నాక రెండ్రోజులు ముట్టుకోకండి, లేకపోతే కక్కేస్తుంది. వారం వారం తూకం రాసుకోండి.

అడిగినవారు:
వేడి 27 దగ్గరే ఉందండీ! థర్మోస్టాట్ మార్చాను. నిన్న రాత్రి చిన్నదాన్ని మింగింది.