డిప్లొమా కుర్రాడి కార్డు మీద ‘ఇంజనీర్’ అని వేయొచ్చా?

రాయగడ ప్యానెల్ షాప్:
రాయగడలో మాది చిన్న ఆటోమేషన్ సంస్థ. పేపర్ మిల్లుకీ, తేరుబలి వైపు ఫెర్రో అల్లాయ్స్ పనులకీ కంట్రోల్ ప్యానెళ్లు కట్టి, పీఎల్‌సీ (యంత్రాలను నడిపించే చిన్న కంప్యూటర్) ప్రోగ్రాం రాసి, సైట్‌లో నడిపించి అప్పగిస్తాం. మా దగ్గర ఒక కుర్రాడు డిప్లొమాతో టెక్నీషియన్‌గా చేరాడు. ఇప్పుడు లాడర్ లాజిక్ (పీఎల్‌సీ ప్రోగ్రాం) రాసేది, మోటారు వేగాన్ని అదుపు చేసే డ్రైవ్‌ల పారామీటర్లు పెట్టేది, ప్లాంటు వాళ్లకు సమాధానం చెప్పేది అన్నీ అతనే. డిజిగ్నేషన్ మార్చమని అడిగాడు. ‘ఆటోమేషన్ ఇంజనీర్’ అందామని నేను. బీటెక్ లేకుండా ఇంజనీర్ ఏమిటని మా పార్ట్‌నర్. మీరేమంటారు?

గుణుపురం బీటెక్:
మీ పార్ట్‌నర్ చెప్పిందే సరైనది. నాలుగేళ్లు ఇంట్లోవాళ్లు అప్పు చేసి ఫీజు కడితే వచ్చిన పేరు ఇది. డిప్లొమాకీ అదే కార్డు ఇస్తే మా చదువుకు విలువేముంది? ‘సీనియర్ టెక్నీషియన్’ అనండి, జీతం బాగా పెంచండి. అందులో తక్కువేముంది?

రైల్వే కాలనీ:
తమ్ముడూ, రైల్వేలో జూనియర్ ఇంజనీర్ పోస్టుకు డిప్లొమా చాలు. సర్కారే ఇస్తున్న పేరు అది. ‘ఆర్కిటెక్ట్’ అని వేసుకోవాలంటే 1972 చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ ఉండాలి. ‘ఇంజనీర్’కి మన దేశంలో అలాంటి చట్టం లేదు. కెనడాలో లైసెన్సు కావాలి, అది అక్కడి సంగతి. ‘చార్టర్డ్ ఇంజనీర్’ అని మాత్రం వేయకండి. అది ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ లాంటి సంస్థ ఇవ్వాల్సిందే.

సునాబెడ నుంచి:
డిగ్రీ గొడవ పక్కన పెడితే, అసలు ‘ఆటోమేషన్’ అన్న మాట అతనికి మేలు చేస్తుందా? హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్లు ఆ పేరు చూస్తే టెస్టింగ్ స్క్రిప్టులు రాసేవాడనుకుంటారు. మీరు చెప్పిన పని చూస్తే ‘కమిషనింగ్ ఇంజనీర్’ సరిపోతుంది. ప్యానెల్ సైట్‌కి చేరాక ఇన్‌పుట్‌లూ అవుట్‌పుట్‌లూ ఒక్కొక్కటి చెక్ చేయడం, మోటారు సరైన వైపు తిరుగుతోందా చూడటం, లోడ్ లేకుండా నడపడం, తర్వాత లోడ్‌తో నడిపి సంతకం తీసుకోవడం. ఈ పని చేసినవాణ్ణి ఏ ప్లాంటువాళ్లయినా గుర్తుపడతారు. విశాఖలో ఇంటర్వ్యూకి వెళ్లినా అడిగేవి అతను చేసిన పనుల గురించే ఉంటాయి.

దయచేసి ‘లీడ్’, ‘మేనేజర్’ తగిలించకండి. ఒక సంస్థలో నాకు జీతం పెంచకుండా ‘లీడ్’ ఇచ్చారు. నా కింద ఒక్క మనిషి లేడు. ఆ తర్వాత ఎక్కడికి వెళ్లినా ‘మీ టీమ్‌లో ఎంతమంది?’ అనే మొదటి ప్రశ్న. ఆ టెన్షన్ ఆ కుర్రాడికి వద్దు.

గుణుపురం బీటెక్:
కమిషనింగ్ అన్నా చివర ఇంజనీర్ ఉందిగా! నా అభ్యంతరం అక్కడే.

సునాబెడ నుంచి:
ప్రోగ్రాం తప్పయి మిల్లు ఆగితే అర్ధరాత్రి ఫోన్ ఎవరికి వస్తుంది తమ్ముడూ? అతనికే. బాధ్యత మోస్తున్నవాడికి ఆ పేరు ఇవ్వకపోవడం అన్యాయం. నీ డిగ్రీ నీ రెజ్యూమెలో ఎలాగూ ఉంటుంది, దాన్ని ఎవరూ తీసుకోరు.

దామంజోడి రిటైర్డ్:
పర్సనెల్ (ఉద్యోగుల వ్యవహారాల) డిపార్ట్‌మెంట్‌లో పనిచేసినవాణ్ణి కాబట్టి ఒక మాట. ఇంజనీర్ అయ్యాడు కదా అని ఓటీ (ఓవర్‌టైమ్ డబ్బు) ఆపకండి. 1947 పారిశ్రామిక వివాదాల చట్టం కింద ఎవరు వర్క్‌మన్ (ఆ చట్టం వర్తించే కార్మికుడు) అని తేల్చేటప్పుడు కోర్టులు ముఖ్యంగా చేసే పనిని చూశాయి గానీ డిజిగ్నేషన్‌ని కాదు. లెటర్‌లో ఏ తేదీ నుంచి, ఏయే పనులు, జీతం ఎంత అన్నీ రాయండి. పాత టెక్నీషియన్ కాలం కూడా అలాగే చూపించండి, చెరపకండి.

రాయగడ ప్యానెల్ షాప్:
ఓటీ ఆపే ఉద్దేశం లేదండి. ‘కమిషనింగ్ ఇంజనీర్’ అనే లెటర్ తయారు చేస్తున్నాను. రైల్వే సంగతి చెప్పాక పార్ట్‌నర్ కాస్త మెత్తబడ్డాడు, పూర్తిగా ఒప్పుకోలేదు. ఇంకో విషయం అడగాలి. మా దగ్గర ప్యానెల్ వైరింగ్ చేసే ఐటీఐ అమ్మాయిలు ఇద్దరున్నారు. డ్రాయింగ్‌లో తప్పులు ముందుగా పట్టేది వాళ్లే. ఇంకా ‘హెల్పర్’ అనే రాస్తున్నాం. వాళ్లకేం రాయమంటారు?