అప్‌డేట్: నరితా ఫ్లైట్ రోజు సవారా వెళ్లొచ్చాం, టైం సరిపోయింది

సాయంత్రం నరితాలో (టోక్యో దగ్గరి ఎయిర్‌పోర్ట్) ఫ్లైట్ ఉంది, మోకాళ్ల నొప్పులున్న అమ్మతో ఆ పూట కాలవల ఊరు ఏదైనా చూడొచ్చా అని అడిగాను కదా. నేను కురాషికి అనుకున్నా, అది ఎక్కడో పడమటి జపాన్‌లో ఒకయామా దగ్గర, అసాధ్యం. నరితాకి దగ్గర్లోనే ఉన్న పాత కాలవల ఊరు సవారా చెప్పినవాళ్లకి చాలా థాంక్స్ అండి.

సూట్‌కేసులు ఎయిర్‌పోర్ట్‌లోనే పెట్టేసి నరితా స్టేషన్‌లో ట్రైన్ మారితే అక్కడ్నుంచి అరగంటే, కాకపోతే రైళ్లు గంటకొకటి లెక్కన ఉంటాయి, తిరుగు టైం ముందే ఫోటో తీసుకోమన్న సలహానే మమ్మల్ని కాపాడింది. అక్కడి ఇనో తదతకా (జపాన్ మ్యాప్ కోసం దేశాన్ని కొలిచినాయన) మ్యూజియం సోమవారం మూసేస్తారని చెప్పారుగా, మంగళవారం వెళ్లాం.

పడవకి ముందే బుకింగ్ కావాలేమోనని తెగ కంగారుపడ్డా, అవసరమే లేదు, అక్కడే టికెట్ కొని ఎక్కేశాం. చలికాలం కదా, పడవలో కొతత్సు (కింద వేడి ఉండే దుప్పటి బల్ల) పెట్టారు, అమ్మ దిగనంది! ఒకప్పుడు ఈ ఒనో నది మీదుగానే బియ్యం, సాకే (బియ్యంతో చేసే మద్యం), సోయా సాస్ "ఎదో" అనే నగరానికి (ఇప్పటి టోక్యో) పోయేవట. అరగంటకోసారి జాజా వంతెన నుంచి నీళ్లు దూకుతాయి, దాని పక్కనే ఇనో తదతకా ఇల్లు. వ్యాపారం వదిలేసి 1800లో, 55 ఏళ్ల వయసులో, జపాన్ మ్యాప్ కోసం కొలవడం మొదలుపెట్టాడాయన.

వీల్‌చెయిర్ గొడవ అక్కర్లేకపోయింది, స్టేషన్ నుంచి మెల్లగా నడిచింది, పడవ ఎక్కేటప్పుడు మాత్రం చెయ్యి పట్టుకోవాలి. తిండికి పులిహోర తీసుకెళ్లాం, అదే నయం.